బిజినెస్ జెట్టు విమానములు: చార్టరు పైలట్టు ఎంపిక

కాలపట్టికకు కట్టుబడి నడచు విమాన సర్వీసులకు భిన్నముగా, ఒక వ్యక్తి గాని, ఒక సంస్థ గాని తన అవసరమును బట్టి విమానము నంతటిని కిరాయికి తీసికొని, తాను కోరిన వేళకు తాను కోరిన ఊరికి ప్రయాణము సాగించు పద్ధతికి చార్టరు విమానయానమని పేరు. ఈ పనికి విరివిగా ఉపయోగపడునట్టివియు, నాలుగైదు ఆసనములు మొదలు పందొమ్మిది ఆసనముల వరకు గలవియు నగు జెట్టు విమానములను బిజినెస్ జెట్టులని వ్యవహరింతురు. వీనిని నడుపుటయే వృత్తిగా స్వీకరింపదలచిన పైలట్టు ఏ విమానమును ఎన్నుకొనవలెనను ప్రశ్న, పైకి చూచుటకు వేగమునకును, దూరమునకును, హంగునకును సంబంధించినదిగా తోచును. ఆ వృత్తిలో కొంతకాలము గడపినవారు దానిని మఱియొక విధముగా అడుగుదురు: ఈ విమానము నన్ను ఏయే ఊళ్లకు కొనిపోవును, దినమునకు ఎన్ని మారులు నేలకు దింపించును, రాత్రి ఎక్కడ పరుండబెట్టును, యజమాని దీనిని అమ్మివేసిన మఱునాడు నా గతి యేమి? యంత్రముల గుణగణములు ఈ ప్రశ్నలకు సమాధానముగా వచ్చినంత మేరకే ఈ వ్యాసమున ప్రస్తావింపబడును.

పుట్టుపూర్వములు

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలోని పెద్ద వాణిజ్య సంస్థలు, సైన్యము వదలించుకొనిన పాత బాంబరులను, రవాణా విమానములను బాగుచేయించి తమ అధికారుల ప్రయాణములకు వాడుకొనుచుండెను. జెట్టు కూడ వీరి ముంగిటికి సైన్యము వాకిటి నుండియే వచ్చినది. చిన్న జెట్టు రవాణా విమానము కావలెనని అమెరికా వాయుసేన కోరగా, లాక్‌హీడ్ సంస్థవారి జెట్‌స్టార్ 1957 సెప్టెంబరు 4వ తేదీనను, నార్త్ అమెరికన్ సంస్థవారి సేబర్‌లైనర్ 1958 సెప్టెంబరు 16వ తేదీనను తొలిసారి గగనమున కెగసెను. ఐరోపాలో బ్రిటిషువారి డి హావిలాండ్ 125 అను విమానము 1962లోను, ఫ్రెంచివారి దసో సంస్థ నిర్మించి పిదప ఫాల్కన్ 20 అను పేర ప్రసిద్ధికి తెచ్చిన విమానము 1963లోను వెలువడినవి.

అయినను ప్రైవేటు జెట్టు అనగానే లోకుల కన్నులకు గట్టు రూపమును తీర్చినవాడు విలియం లియర్ అను అమెరికన్ నిర్మాత. స్విట్జర్లాండు దేశమున పి-16 అను యుద్ధవిమానపు యత్నము నడుమ విడనాడబడగా, దాని రెక్కల రచనను ఆధారముగా గొని ఆయన సిద్ధము చేయించిన లియర్‌జెట్ 23, కాన్సస్ రాష్ట్రమందలి విచిటా నగరమున 1963 అక్టోబరు 7వ తేదీన ఎగిరినది. 12,500 పౌండ్లు దాటిన విమానములకు వర్తించు కఠినతర నిబంధనలను తప్పించుకొనుటకై దాని బరువును ఆ హద్దునకు లోబడియే నిలిపిరి. యుద్ధవిమాన సంతతి యగుటచే అది వేగమునకును, త్వరితముగా పైకెగబ్రాకుటకును పేరొందినది. పిస్టను ఇంజనుల నెమ్మదికి అలవడిన పైలట్ల చేతులలో, ఆ కారణముననే, తొలి సంవత్సరములందు పెక్కు ప్రమాదములకును గురియైనది.

సెస్నా సంస్థ ఇందుకు విపర్యయముగా ఆలోచించెను. 1969 సెప్టెంబరు 15వ తేదీన తొలిసారి ఎగిరిన సైటేషన్, వెనుకకు వాలని తిన్నని రెక్కలతో, మందగతితో, పొట్టి రన్‌వేలపై సుళువుగా దిగునట్లు నిర్మింపబడినది. దీని వేగమును చూచి నవ్వినవారు, పక్షులు దీనిని ముందునుండి గాక వెనుకనుండి వచ్చి ఢీకొనునని ఛలోక్తులు విసరిరి. పైలట్టును శ్రమపెట్టని ఆ సాధుస్వభావమే దానిని నిలబెట్టినది. నేటికి ఏడువేలకు మించి వెలువడిన సైటేషన్ కుటుంబమును సంఖ్యలో మించిన బిజినెస్ జెట్టు కుటుంబము వేరొకటి లేదు. ఆ నాడు నవ్వినవారి విమానములలో పెక్కింటి నిర్మాణము ఆగిపోయి దశాబ్దములు గడచినవి.

1966లో ఎగిరిన గల్ఫ్‌స్ట్రీమ్ 2, 1978లో ఎగిరిన కెనడావారి చాలెంజర్, 1995లో గల్ఫ్‌స్ట్రీమ్ 5, 1996లో బొంబార్డియర్ సంస్థవారి గ్లోబల్ ఎక్స్‌ప్రెస్, ఈ వరుసను చూచినచో విమానపు గది విశాలమగుటయు, దూరము పెరుగుటయు స్పష్టపడును. ఈ కడపటి రెండింటి రాకతో ఒక ఖండము నుండి మఱియొక ఖండమునకు నడుమ నెచ్చటను ఆగకయే పోవుట సామాన్యమైనది. దానితో చార్టరు పైలట్ల జీవితములు రెండు పాయలుగా చీలినవి. ఆ చీలికను గూర్చి ముందు చెప్పబడును.

ఈ చరిత్రలో విమాన నిర్మాతలకు సంబంధింపని సంఘటన యొకటి గలదు. హిరోషిమాపై అణుబాంబు విడిచిన విమానమునకు పైలట్టుగా నుండిన పాల్ టిబ్బెట్స్ తరువాతి కాలమున అధ్యక్షుడుగా పనిచేసిన ఎగ్జిక్యూటివ్ జెట్ ఏవియేషన్ అను సంస్థ 1964లో ఒహాయో రాష్ట్రమందలి కొలంబస్ నగరమున స్థాపింపబడినది. దానిని 1984లో కొనిన రిచర్డ్ సాంటుల్లి, ఒక్కొక్క విమానమును భాగములుగా విభజించి పలువురు యజమానులకు అమ్ము పద్ధతిని 1986లో నెట్‌జెట్స్ అను పేర ప్రవేశపెట్టెను. 1998లో వారెన్ బఫెట్ యొక్క బెర్క్‌షైర్ హాథవే దానిని స్వాధీనము చేసికొనెను. ఏడు దినములు కొలువు, ఏడు దినములు విశ్రాంతి అను నియమబద్ధమైన జీవితము ఈ వృత్తిలో సాధ్యమని చూపినది ముఖ్యముగా ఇట్టి సంస్థలే. అంతకు పూర్వము చార్టరు పైలట్టనగా, ఫోను మ్రోగిన తోడనే ఇల్లు విడువవలసినవాడని అర్థము. చిన్న సంస్థలలో నేటికిని అదియే అర్థము.

టైప్ రేటింగు

ఏ జెట్టునైనను నడుపుటకు, సామాన్యమగు లైసెన్సుతో పాటు ఆ రకపు విమానమునకే పరిమితమగు అర్హత యొకటి కావలెను. దీనిని టైప్ రేటింగు అందురు. అమెరికాలో ఈ నిబంధన జెట్టు లన్నిటికిని, 12,500 పౌండ్లను మించిన తక్కిన విమానములకును వర్తించును. భారతదేశమున పౌర విమానయాన డైరెక్టరేటు జనరలు ఆ రకమును లైసెన్సుపై ప్రత్యేకముగా నమోదు చేయును. రేటింగును సంపాదించుటకు కొన్ని వారములపాటు తరగతి గదిలో యంత్రాంగమును అభ్యసించి, పిమ్మట సిమ్యులేటరునందు ఇంజను ఆగిపోవుట, మంటలు పుట్టుట, గదిలోని వాయుపీడనము జారిపోవుట మున్నగు ఆపదలను ఒకదానివెంట నొకటి ఎదుర్కొని, పరీక్షకునిచే ఒప్పింపబడవలెను. పాన్ అమెరికన్ సంస్థలో పైలట్టుగా నుండిన ఆల్బర్ట్ యూల్చీ 1951లో స్థాపించిన ఫ్లైట్ సేఫ్టీ, 1947లో కెనడాలో పుట్టిన సి.ఎ.ఇ., ఈ రెండు సంస్థలే ఇట్టి శిక్షణలో అత్యధిక భాగమును వహించుచున్నవి.

ఈ శిక్షణకగు వ్యయము చిన్న జెట్టు విషయమున వేల డాలర్లతో తీరిపోయినను, పెద్ద గల్ఫ్‌స్ట్రీము విషయమున దానికి ఎన్నో రెట్లగును. సంస్థయే ఆ వ్యయమును భరించినప్పుడు, ఒకటి రెండు సంవత్సరములు తన్ను విడిచిపోరాదనియు, పోయినచో మిగిలిన భాగమును చెల్లింపవలెననియు పైలట్టుచే ఒడంబడిక వ్రాయించుకొనుట వాడుక. స్వంత డబ్బుతో రేటింగు సంపాదించి, ఆ రకముపై అనుభవము లేక, కొలువు దొరకక తిరుగువారు ఏ దేశమునందైనను కనబడుదురు. కావున మొదట కొలువును, ఆ కొలువుతో రేటింగును పొందుట మంచిదను పెద్దల మాట సత్యమే. తొలి విమానమును పైలట్టు ఎన్నుకొనుట అరుదు, దానిని ఖాళీగానున్న ఆసనమే నిర్ణయించునని ఆ మాటలో నిగూఢముగా నున్నది.

రేటింగుల హద్దులు సంస్థల పేర్లను బట్టి గాక విమానపు పుట్టుకను బట్టి యేర్పడినవి గనుక, ఈ విషయమున కొంత వివేకము అవసరము. సెస్నావారి సైటేషన్‌జెట్ నుండి సి.జె.4 వరకు గల విమానములన్నియు ఒకే రేటింగు క్రిందికి వచ్చును. ఒకదానినుండి మఱియొకదానికి మారుటకు భేదములను నేర్చిన చాలును. డి హావిలాండ్ 125గా పుట్టి, అర్ధశతాబ్దము గడచిన తరువాత హాకర్ 900గా ముగిసిన వంశమునకంతకును రేటింగు ఒక్కటియే. ఇందుకు భిన్నముగా గల్ఫ్‌స్ట్రీమ్ జి650కి ఒకటి, జి500, జి600 జంటకు వేరొకటి కావలెను. విస్తారముగా ఎగురుచున్న కుటుంబమునకు చెందిన రేటింగు గలవాడు ఒక చోట కొలువు పోయినను మఱియొక చోట నిలదొక్కుకొనును.

తరగతులు, దినచర్యలు

బిజినెస్ జెట్టులను తేలిక, మధ్యమ, ఉన్నత మధ్యమ, దీర్ఘదూర తరగతులుగా విభజించుట కలదు. ఈ హద్దులు అమ్మకపు సౌకర్యమునకై ఏర్పడినవేగాని శాస్త్రీయములు కావు. అయినను పైలట్టు జీవితమును వర్ణించుటకు అక్కరకు వచ్చును.

తేలిక జెట్టులలో సైటేషన్ సి.జె. వరుస, 2009లో అనుమతి పొందిన బ్రెజిలు దేశపు ఎంబ్రాయర్ ఫీనమ్ 300, రెక్కలకు పైభాగమున ఇంజనులను నిలిపిన హోండాజెట్ మున్నగునవి ప్రసిద్ధములు. ఇవి ఆరేడుగురిని ఎక్కించుకొని గంట, గంటన్నర ప్రయాణములు చేయును. ఉదయమున ఒక ఊరినుండి వర్తకులను తెచ్చి, అచ్చటినుండి ఖాళీగా మఱియొక ఊరికి పోయి వేరొకరిని ఎక్కించుకొని, సాయంకాలమునకు నాలుగైదు మారులు లేచి దిగుట ఈ పైలట్లకు సామాన్యము. సామానును మోసి అరలో సర్దువాడును, కాఫీ ఫ్లాస్కును నింపువాడును, ప్రయాణికులు దిగిన పిమ్మట ఆసనములను తుడుచువాడును పైలట్టే. ఈ విమానములలో పెక్కింటిని ఒక్క పైలట్టే నడుపుటకు అనుమతి యున్నను, చార్టరు సంస్థలును, కిరాయిదారులును ఇరువురుండవలెనని కోరుదురు. ఇది కొత్తవానికి వరము. కుడివైపు ఆసనమున కూర్చుండి ఒక్క సంవత్సరములో అతడు చూచు మబ్బులు, ఎదురుగాలులు, తడిసిన రన్‌వేలు, పెద్ద విమానములలోనివాడు మూడు సంవత్సరములకైనను చూడడు. అమెరికాలో ప్రయాణికుల జెట్టునకు చార్టరు కెప్టెనుగా నుండుటకు ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు, అనగా సామాన్యముగా 1,500 గంటల అనుభవమును 23 సంవత్సరముల వయస్సును కావలెను. ఆ గంటలు త్వరగా కూడునదియు, కూడిన ప్రతి గంటలో విద్య అధికముగా నుండునదియు ఈ తరగతిలోనే.

మధ్యమ తరగతియందలి హాకర్ 800, సైటేషన్ ఎక్స్‌ఎల్‌ఎస్, లియర్‌జెట్ 45 మున్నగువాని దినచర్య తేలిక జెట్టుల దానికంటె మిక్కిలి భిన్నము కాదు. గది కొంచెము ఎత్తు, ప్రయాణము కొంచెము దీర్ఘము, అంతియే.

దీర్ఘదూర విమానముల లోకము వేరు. 2012లో అనుమతి పొందిన గల్ఫ్‌స్ట్రీమ్ జి650 సుమారు 7,000 నాటికల్ మైళ్లు పోగలదు. 2018లో అనుమతి పొందిన గ్లోబల్ 7500, 7,700 నాటికల్ మైళ్లు పోగలదు. మూడు ఇంజనులతో 2005లో ఎగిరిన ఫాల్కన్ 7ఎక్స్, పైలట్టు చేతికదలికలను తీగలద్వారా కంప్యూటరునకు అందించి, అది రెక్కలయందును తోకయందును గల కదులు పలకలను త్రిప్పునట్లు రూపొందిన తొలి బిజినెస్ జెట్టు. ఇట్టివానియందు కొలువు దొరకుట పరమార్థమని భావించు యువకులు పెక్కురు. జీతము ఎక్కువయే, భోజనాదులు చూచుకొనుటకు వేరుగా పరిచారిక యుండును, బసలు గొప్ప హోటళ్లలో నుండును. అయితే పన్నెండు గంటలు రాత్రియందు సముద్రముపై ఎగిరి, తెల్లవారునప్పటికి తన దేహమునకు అర్ధరాత్రిగా తోచు నగరమున దిగి, యజమాని పని ముగియువరకు రెండు దినములో ఐదు దినములో ఎదురుచూచుచు గడపుట అందరికిని సరిపడు జీవితము కాదు. ఇరువురు పైలట్లకు అనుమతింపబడిన ఎగురు గంటలను మించిన ప్రయాణములకు మూడవవానిని, నాల్గవవానిని చేర్చుదురు గనుక, దిగుట యను పని నలుగురిలో ఒకరికి మాత్రమే దక్కును. ప్రయాణికులను ఎక్కించుకొనుటకు గడచిన తొంబది దినములలో మూడు మారులు లేచి దిగి యుండవలెనని నియమము. చిన్న జెట్టు పైలట్టు ఒక్క దినములో తీర్చుకొను ఈ లెక్కకై దీర్ఘదూర పైలట్టు సిమ్యులేటరును ఆశ్రయించుట అపూర్వము కాదు. చేతివిద్య తుప్పుపట్టుట ఈ వర్గపు వృత్తిదోషమని చెప్పినను తప్పులేదు.

ఈ రెంటికిని నడుమ, 2001లో తొలిసారి ఎగిరిన చాలెంజర్ 300తో నిలదొక్కుకొన్న ఉన్నత మధ్యమ తరగతి గలదు. చాలెంజర్ 350, ఇజ్రాయెలులో నిర్మితమగు గల్ఫ్‌స్ట్రీమ్ జి280, ఎంబ్రాయర్ ప్రీటర్ 600, సైటేషన్ లాంజిట్యూడ్ దీనిలోనివి. ఎనిమిది పదిమందితో అమెరికా తూర్పు తీరమునుండి పశ్చిమ తీరమునకు ఆగక పోగలవు. ఒకనాడు మూడువందల మైళ్లు, మఱునాడు మూడువేల మైళ్లు. లేచి దిగుట తగినంత యుండును, ఇల్లును అప్పుడప్పుడు కనబడును. వృత్తిలో స్థిరపడగోరువానికి ఈ తరగతియే ఉత్తమమని ఈ రచయిత అభిప్రాయము. జీతమును మాత్రమే చూచువారు దీనితో ఏకీభవింపకపోవచ్చును.

రన్‌వేలు నిర్ణయించునది

విమానమును ఎన్నుకొనువాడు కరపత్రములందలి వేగములను చదువుటకంటె పటమును విప్పి, ఆ సంస్థ ఏయే విమానాశ్రయములకు పోవునో చూచుట మేలు. న్యూయార్కు నగరమునకు ఎదుట న్యూజెర్సీ రాష్ట్రమున నున్న టెటర్‌బరో, చార్టరు జెట్టులకు ప్రపంచమున మిక్కిలి రద్దీయగు విమానాశ్రయములలో ఒకటి. అచ్చట 1,00,000 పౌండ్లను మించిన విమానములకు ప్రవేశము లేదు. జి650 యొక్క గరిష్ఠ భారము 99,600 పౌండ్లుగా నుండుట యాదృచ్ఛికమని నమ్మువారు తక్కువ. గ్లోబల్ 7500 పూర్తి భారముతో ఆ హద్దును మించును గనుక తగ్గించుకొనియే రావలెను. అచ్చటినుండి నైరుతికి లేచునప్పుడు, పైన నెవార్క్ విమానాశ్రయమునకు దిగివచ్చు పెద్ద విమానముల దారి యుండుటచే, మొదట 1,500 అడుగులవద్ద నిలిచి, కొన్ని మైళ్లు పోయిన పిమ్మటనే 2,000 అడుగులకు ఎక్కవలెను. తేలికయైన శక్తిమంతమగు జెట్టు ఆ ఎత్తును నిమిషములోపుగనే దాటివేయగలదు. ఇచ్చట పైలట్టు పరీక్షింపబడునది యంత్రపు బలమును అణచియుంచుటలోనే.

కొలరాడో పర్వతములలోని ఆస్పెన్ సముద్రమట్టమునకు సుమారు 7,820 అడుగుల ఎత్తున, మూడు వైపుల కొండల నడుమ నున్నది. రెక్కల విస్తారము 95 అడుగులను మించిన విమానములు అచ్చటికి రాగూడదని దీర్ఘకాలముగా కట్టుబాటు. సుమారు 93 అడుగుల రెక్కలు గల జి550 అచ్చట దిగును, సుమారు 99 అడుగుల రెక్కలు గల జి650 దిగలేదు. కావున ధనికుల శీతకాల విహారములకు పేరొందిన ఆ ఊరికి, పాతదియు చిన్నదియు నగు విమానముననే పోవలసి వచ్చుట విచిత్రము. లండను నగరమధ్యమునకు దాపున నున్న సిటీ విమానాశ్రయపు రన్‌వే 1,508 మీటర్లు. సాధారణముగా మూడు డిగ్రీల వాలున దిగు విమానములు అచ్చట ఐదున్నర డిగ్రీల వాలున దిగవలెను. అందుకు విమానమునకును, దానిని నడుపువారికిని వేర్వేరుగా అనుమతి కావలెను. నెమ్మదిగా దిగగల రెక్కల రచన వలన దసోవారి ఫాల్కనులు ఇట్టి చోట్ల గౌరవము పొందినవి. స్విట్జర్లాండువారి పిలాటస్ పి.సి.24, 2017లో అనుమతి పొందినది, కంకరనేలలపై దిగగలదు. ఆస్ట్రేలియాలోని రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు దానిని వైద్యసేవకు వినియోగించుచున్నది. ఆ విమానమున ఎగురు పైలట్టు చూచు ఊళ్లు జి650 పైలట్టు కలలోనైనను చూడనివి.

చార్టరు నియమము మఱియొకటి ఇచ్చట స్మరణీయము. స్వంత యజమానిని తీసికొనిపోవు పైలట్టునకు రన్‌వే విమానపు అవసరమునకు సరిపోయిన చాలును. అమెరికాలో కిరాయి ప్రయాణికులను తీసికొనిపోవు పెద్ద జెట్టు, సామాన్యముగా, గమ్యస్థానమున రన్‌వేలో నూటికి అరువది వంతులలోపల నిలువగలుగునని బయలుదేరకముందే లెక్క తేలవలెను. అనగా 1,200 మీటర్లలో నిలువగల విమానమునకు 2,000 మీటర్ల రన్‌వే కావలెను. ఒకే విమానము, ఒకే పైలట్టు, ఒకే ఊరు. నిన్న పోవచ్చును, నేడు పోరాదు. ఈ భేదమును కిరాయిదారునకు నచ్చజెప్పుట ఆ విమానమును దింపుటకంటె కష్టము.

ఎండయు, ఎత్తును కలసిన చోట లెక్కలన్నియు తారుమారగును. హైదరాబాదులోని బేగంపేట సముద్రమట్టమునకు సుమారు 531 మీటర్ల ఎత్తున నున్నది. మే మాసమున ఉష్ణోగ్రత 42 డిగ్రీలకు చేరినప్పుడు అచ్చటి గాలి, ప్రామాణిక వాతావరణమున 5,000 అడుగులకు పైబడిన ఎత్తునగల గాలివలె పలుచనగును. ఇసుకలో దిగబడిన నిండు జోడెడ్ల బండివలె ఇంజను శ్రమించును. ఇంధనమునో, సామానునో, ప్రయాణికునో తగ్గింపవలసి వచ్చును. లదాఖులోని లేహ్ 3,256 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట ఒక ఇంజను ఆగినను మిగిలినదానితో కొండలను దాటగలుగుట ముఖ్యమగు ప్రశ్న.

కిరాయిదారుని తొందర

2001 మార్చి 29వ తేదీ రాత్రి, చార్టరు గల్ఫ్‌స్ట్రీమ్ 3 ఒకటి ఆస్పెన్ వద్ద దిగుచు కూలి, అందున్న పదునెనిమిది మందియు మరణించిరి. మంచు కురియుచుండగా, రన్‌వే కనబడకయే నియమితమగు ఎత్తునకు దిగువకు పోవుట కారణమని అమెరికా రవాణా భద్రతా మండలి నిర్ణయించుచు, రాత్రివేళ దిగరాదను గడువు సమీపించుటయు, ఎట్లైనను ఆస్పెనులోనే దిగవలెనని కిరాయిదారు పక్షమునుండి వచ్చిన ఒత్తిడియు కెప్టెనుపై ప్రభావము చూపినవని పేర్కొనెను. 2005 ఫిబ్రవరి 2వ తేదీన టెటర్‌బరోలో చాలెంజర్ 600 ఒకటి, ఇంధనము, సామాను, ప్రయాణికుల బరువు ముందుభాగమున అధికముగా కూడినందున లేవలేక, రన్‌వే దాటి దూసికొనిపోయెను. అదృష్టవశమున ప్రాణనష్టము కలుగలేదు. ఈ రెండు సందర్భములందును విమానమున లోపము లేదు. కాదని చెప్పిన కెప్టెనును వెనుకవేసుకొని వచ్చు సంస్థ యేదో, బరువుల పట్టికను తనిఖీ చేయు సంస్థ యేదో తెలిసికొనుట విమానముల ఎంపికలో భాగముగా లెక్కింపబడవలెను. పాత సైటేషను గల మంచి సంస్థ, కొత్త గల్ఫ్‌స్ట్రీము గల తొందరపాటు సంస్థకంటె మేలు.

విమానముల ఆయుర్దాయము

చార్టరు జెట్టులలో పెక్కింటికి యజమానులు వేరుగా నుందురు. వారు తమకు అవసరము లేని దినములలో విమానమును నిర్వాహక సంస్థద్వారా కిరాయికి ఇత్తురు. ఇట్టి ఒక్క విమానమునకే కట్టుబడిన పైలట్టునకు యజమాని స్నేహభావము వలన సుఖముండవచ్చును గాని, ఆ యజమాని వ్యాపారము దెబ్బతినిననో, కొత్త విమానముపై మనస్సు పోయిననో, విమానముతో పాటు కొలువును పోవును. ఒకే రకపు విమానములు పదుల సంఖ్యలో గల సంస్థలో ఈ భయము తక్కువ. ప్రతిగా అచ్చట ఏ విమానము నడుపవలెనో సీనియారిటీ నిర్ణయించును.

రకమే అంతరించుట మఱియొక ప్రమాదము. మిశ్రమ పదార్థముల దేహము గల హాకర్ 4000, నిర్మించిన సంస్థ 2012లో దివాలా తీయుటచే నూరైనను పూర్తికాకయే ఆగిపోయినది. దాని రేటింగును సంపాదించినవారికి మిగిలిన అవకాశములు వ్రేళ్లపై లెక్కింపదగినవి. అతిచిన్న జెట్టు ఎక్లిప్స్ 500ను నమ్ముకొని ఫ్లోరిడాలో వెలసిన డేజెట్ అను ఆకాశ టాక్సీ సంస్థ 2008 సెప్టెంబరులో మూతపడగా, రెండు మాసములకు ఎక్లిప్స్ సంస్థయే దివాలాకు చేరినది. అధికధ్వని చేయు పాత చిన్న జెట్టులను అమెరికా చట్టము 2015 డిసెంబరు అంతమునకు ఆకాశమునుండి తొలగించుటతో, ధ్వని తగ్గించు పరికరములు అమర్చుకొననట్టి గల్ఫ్‌స్ట్రీమ్ 2, 3లును, తొలి లియర్‌జెట్టులును మూలబడినవి. లియర్‌జెట్ నిర్మాణమే 2022లో ముగిసినది. అయినను ఆ పేరిటి పెక్కు విమానములు రోగులను చేరవేయు పనిలో ఇంకను తిరుగుచున్నవి గనుక ఆ రేటింగు వెంటనే నిరర్థకమైనదని చెప్పరాదు. యంత్రమునకంటె దానిలోని పరికరఫలకపు విద్య యెక్కువకాలము నిలుచును: గార్మిన్, హనీవెల్, కాలిన్స్ సంస్థల పరికరములు పలు రకముల విమానములలో ఒకే తీరున నుండుటచే, వానిని చక్కగా నేర్చినవాడు కొత్త రేటింగునకు సగము దారి నడచినవాడగును.

భారతదేశమున

భారతదేశమున చార్టరు సంస్థలు నాన్-షెడ్యూల్డు ఆపరేటరు పర్మిటుపై నడచును. కమర్షియల్ పైలట్ లైసెన్సునకు 18 సంవత్సరముల వయస్సును, 200 గంటల అనుభవమును చాలును. ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సునకు 1,500 గంటలు కావలెను. హాకరులు, చాలెంజరులు, సైటేషనులు, ఫాల్కనులు, ఎంబ్రాయరు లెగసీలు దేశమున కనబడునట్టివే. కాని మొత్తముమీద సంఖ్య స్వల్పమగుటచే, అమెరికాలోవలె తరగతినుండి తరగతికి మెట్లుగా ఎక్కు మార్గము ఇచ్చట సుగమముగా లేదు. రాష్ట్ర ప్రభుత్వములును, చిన్న సంస్థలును నడుపు బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ అను జంట టర్బోప్రాపు విమానమే పెక్కురకు తొలి గురువు. జెట్టు కాకపోయినను, పొట్టి రన్‌వేలపై, వర్షకాలపు మబ్బులలో, కంట్రోలు టవరు సహాయము అంతంతమాత్రముగా నున్న జిల్లా కేంద్రములకు తిరిగి సంపాదించిన ఆ అనుభవమును జెట్టు సంస్థలు విలువగానే పరిగణించును.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచినప్పటినుండి బేగంపేట సాధారణ సర్వీసులకు మూతపడి, ప్రముఖుల విమానములకును, చార్టరులకును, శిక్షణకును నిలయమైనది. దేశవిదేశముల బిజినెస్ జెట్టులను దగ్గరగా చూచుటకు వీలగు విమానయాన ప్రదర్శనయు 2008 నుండి అచ్చట జరుగుచున్నది. సత్యసాయిబాబా దర్శనార్థము వచ్చువారికై 1990లో తెరచిన పుట్టపర్తి విమానాశ్రయము చార్టరు విమానములను ఆధారముగా చేసికొనినదే. తెలుగు యువకులు శిక్షణకై అమెరికాకు పోయి, అచ్చటి లైసెన్సుతో తిరిగివచ్చి భారత లైసెన్సుగా మార్చుకొనుట చిరకాలముగా నున్నది. మార్చుకొనిన పిమ్మట, విమానమును ఎన్నుకొను స్వాతంత్ర్యము లేక, కుడివైపు ఆసనము ఖాళీగా నున్న సంస్థలో చేరి, వారికున్న ఒకటి రెండు విమానములకే రేటింగు తెచ్చుకొందురు. ఆ రేటింగునకును, తరువాత క్రమము తప్పక చేయవలసిన పునశ్శిక్షణకును తగిన సిమ్యులేటరులు అధికాంశము విదేశములందే యుండుటచే, దుబాయికో, ఇంగ్లండుకో, అమెరికాకో మరల పోవలసి వచ్చును.